రెండు చెవులూ కనిపించాలి

ఈమధ్య కెమెరాలు భుజాన వేసుకుని కుర్రకారు మా ఇంటికి వస్తున్నారు. మడ అడవుల్లో పిట్టల్ని తీసేవాళ్లు కొందరు, పురుగుల్నీ సీతాకోకచిలుకల్నీ తీసేవాళ్లు కొందరు. యూరప్‌లో తొమ్మిది వేసవులు సీతాకోకచిలుకల వెంట తిరిగానని నా గురించి ఎవరో చెప్పి ఉంటారు. వచ్చినవాళ్లందరూ కుర్చీలో కూర్చోకముందే ఏ లెన్సు కొనమంటారని అడుగుతారు. లెన్సుల సంగతి నాకంటే వాటిని అమ్మేవాడికే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది నేను చేసిన ఒక వెధవ పని గురించి. ఎదురుగా కూర్చుని చెప్పాలంటే ఇప్పటికీ నోరు రాదు, అందుకే రాస్తున్నాను.

మేకుకు వేలాడిన కోటు

అమలాపురంలో ఒక స్టూడియోలో డార్క్‌రూమ్ పని నేర్చుకుని, గల్ఫ్ యుద్ధం ముగిసిన మూడేళ్లకు కువైత్ వెళ్లాను. మిర్కాబ్‌లో రెండు ట్రావెల్ ఆఫీసుల మధ్య ఇరుకు దుకాణం మాది. దాన్ని నడిపేది రాయచోటి నుంచి వచ్చిన ఖాదర్ బాయ్. లైసెన్సు మాత్రం అబూ నాసర్ అనే కువైతీ పెద్దమనిషి పేరున ఉండేది. మా ఇద్దరికీ పూచీ ఉండే కఫీల్ ఆయనే. ఆయన సంతకం లేకపోతే మాకు ఇఖామా అనే నివాసపు కార్డు లేదు, ఇఖామా లేకపోతే ఆ దేశంలో మాకు చోటు లేదు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీసేవన్నీ ఇఖామా ఫొటోలూ పాస్‌పోర్టు ఫొటోలే. గడ్డం కొంచెం పైకి. భుజాలు నిటారుగా. వెలుతురు ఎదురుగా పడాలి, వెనక తెర మీద నీడ ఉండకూడదు, రెండు చెవులూ కనిపించాలి. పది భాషల్లో ఈ మాటలన్నీ చెప్పగలిగేవాణ్ణి. పసిపిల్లల పాస్‌పోర్టు ఫొటోకి కళ్లు తెరిచి ఉండాలి కాబట్టి నిద్రపోతున్న పిల్ల పాదానికి తడి దూది అంటించేవాణ్ణి. పిల్ల ఉలిక్కిపడి కళ్లు తెరిచేది, ఏడుపు అందుకునేలోపు నా పని అయిపోయేది.

గోడకు ఒక మేకు, ఆ మేకుకు ఒక నీలం కోటు ఉండేవి. ఇంటికి ఫొటో పంపాలనుకున్న డ్రైవర్లు, వంటవాళ్లు, మేస్త్రీలు అందరూ ఆ కోటే తొడుక్కునేవారు. సన్నటివాడికి వెనక క్లిప్పులు పెట్టేవాణ్ణి. లావుపాటివాడికి బొత్తాలు పట్టేవి కావు, టై అడ్డంగా వేసి సర్దేవాణ్ణి. ఆ కోటు పుణ్యాన ఎన్ని పెళ్లిళ్లు కుదిరాయో నాకు లెక్క తెలియదు.

"నువ్వు మనిసిని తీయవు సూర్యా, ఇఖామాను తీస్తావు. ఆఫీసు నుంచి ఒక్కటి గూడ తిరిగి రాదు," అనేవాడు ఖాదర్ బాయ్. మెచ్చుకోలుగానే అనేవాడు, నేనూ పొంగిపోయేవాణ్ణి.

చెయ్యి వణికింది

అబూ నాసర్ అరవై దాటిన మనిషి. కుర్రతనంలో ఆస్ట్రియాలో ఇంజనీరింగు చదివాడు. సెలవు రోజుల్లో వల పట్టుకుని కొండల మీద సీతాకోకచిలుకల్ని పట్టి, సూదులు గుచ్చి, అద్దాల పెట్టెల్లో దాచుకున్నాడు. యుద్ధంలో ఆయన ఇల్లు దోచుకున్నప్పుడు పెట్టెలన్నీ పోయాయి. మిగిలింది అప్పట్లో ఆయన పేర్లు రాసుకున్న ఒక నోటుపుస్తకం. అందులో నలభై ఒక్క పేర్లున్నాయి. మళ్లీ చంపను, ఈసారి ఆ నలభై ఒక్కటినీ బతికి ఉండగా ఫొటోలు తీస్తాను అని ఒట్టు పెట్టుకుని, వేసవి రాగానే యూరప్ వెళ్లేవాడు.

ఒకరోజు రీళ్లు కడగమని మా స్టూడియోకి తెచ్చాడు. కడిగి చూస్తే అన్నీ మసకే. ఖాదర్ బాయ్ "మాషా అల్లా" అంటున్నాడు. నేను ఊరుకోలేక, "బాబా, చెయ్యి వణికింది," అన్నాను. ఖాదర్ బాయ్ నా కాలు తొక్కాడు.

అబూ నాసర్ నా వైపు చూసి, "నీ చెయ్యి వణకదా?" అన్నాడు.

"వణకదు బాబా."

"యల్లా, అయితే వచ్చే నెల నాతో రా."

మా ఇద్దరిదీ అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలిసిన భాష. దాన్ని ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. ఆయన వెళ్లాక ఖాదర్ బాయ్ నెత్తి కొట్టుకున్నాడు. "కఫీల్ మొగం మీద అట్లంటారా యాడన్నా? నీకు భయం ల్యాదా సామీ?"

"నిజమే గదండి బాయ్, వణికింది గదండి," అన్నాను.

చలిబట్టలు లేవని మేకు మీది నీలం కోటు వేసుకుని విమానం ఎక్కాను. మొదటి వేసవంతా కొండల మీద పెళ్లికొడుకులా తిరిగాను.

అబూ నాసర్ గొప్ప యజమాని అని రాయడం తేలిక. కానీ ఆయన మొండివాడు కూడా. దారి తప్పినా ఎవరినీ అడగనిచ్చేవాడు కాదు. హోటల్లో టీ చల్లగా వస్తే రాజ్యాలు కూలిపోయినంత గొడవ చేసేవాడు. అయితే ఎండలో నేను గడ్డి మీద బోర్లా పడుకుంటే తానూ పక్కనే పడుకునేవాడు, కుర్చీ వేయించుకుని కూర్చున్న రోజు ఒక్కటీ లేదు. నేను కారు నడిపేవాణ్ణి, కెమెరా పట్టేవాణ్ణి. ఆయన పేరు చెప్పేవాడు. ఆ లాటిన్ పేర్లకు నా నోరు తిరిగేది కాదు, నాకు తోచిన పేర్లు నేను పెట్టుకున్నాను. తెల్లగా, పల్చగా ఉండే ఒకదాని పేరు పూతరేకు. అది పక్కనుంచి పోతే ఆయన కూడా "సూరీ, పూతరేకు!" అని కేకేసేవాడు.

నాలుగు వేసవుల్లో నలభై పేర్లకు టిక్కులు పడ్డాయి. ఒక్కటి మిగిలింది.

ఐసు డబ్బా

ఆ మిగిలినదాన్ని నేను పనసతొన అనేవాణ్ణి. ఎగిరేటప్పుడు రెక్కల పైభాగం మాగిన పనసతొన రంగులో మెరుస్తుంది, అంచున నల్లటి పట్టీ. ఆయన చదువుకున్న ఊరి పక్క కొండ మీద ఒకప్పుడు బోలెడు ఉండేవట. మేం వెళ్లేసరికి ఆ కొండ మీద ఒక్కటీ లేదు. వెతుక్కుంటూ తూర్పుకు వెళ్లి, రుమేనియాలో గడ్డిబీళ్లు ఉన్న ఒక పల్లె చేరాం. అక్కడ రైతులు ఇంకా పొడుగు కొడవళ్లతో గడ్డి కోసి, మన ఊళ్లలోలాగే మేట్లు వేస్తారు. యానోష్ అనే రిటైరైన బడి పంతులు ఇంట్లో దిగాం. ఆ బీళ్లలో పనసతొనలు ఎన్ని మిగిలాయో ఏటా లెక్కపెట్టేవాడాయన. అబూ నాసరూ ఆయనా జర్మన్‌లో మాట్లాడుకునేవారు.

తిరుగు ప్రయాణానికి రెండు రోజులుందనగా అబూ నాసర్ మోకాలు వాచి మంచం దిగలేకపోయాడు.

"నువ్వెళ్లు సూరీ. నాకు ఒక్క ఫొటో చాలు. వచ్చే ఏడు ఈ కాళ్లు నన్ను తెస్తాయో లేదో," అన్నాడు.

ఒక్కణ్ణే వెళ్లాను. కనిపించింది. కానీ కూర్చోగానే రెక్కలు మూసేస్తుంది, వెలిసిపోయిన పసుపు తప్ప ఏమీ కనబడదు. ఆ నల్ల పట్టీ లేకపోతే అది ఏ పసుపుదైనా కావచ్చు. మూడు గంటలు దాని వెనక పడ్డాను. ఎన్ని పూల మీద వాలినా మూతే. మొహం పక్కకు తిప్పుకునే కస్టమరు మీద వచ్చే కోపం లాంటిది వచ్చింది నాకు. ఇది మొండిది, ఇంకోటైతే విప్పేదేమో అనుకున్నాను.

కువైత్‌లో ఏసీ కింద కూర్చున్న ఈగ మత్తుగా ఉండిపోవడం చూసినవాణ్ణి. టోపీ మూసి దాన్ని పట్టాను. రీలు ఉండే నల్ల డబ్బీలో పెట్టి, కారులో నీళ్ల సీసాల ఐసు డబ్బాలో దించాను. ఐదు నిమిషాలు చాలనుకున్నాను. మంచి పువ్వు, మంచి వెలుతురు వెతకడంలో అరగంట దాటింది. డబ్బీ తెరిచి, దాన్ని పువ్వు మీద కూర్చోబెట్టి, ఫొటోల మీద మచ్చలు దిద్దే సన్నటి కుంచెతో రెండు రెక్కలూ విప్పాను. వెలుతురు ఎదురుగా ఉంది, నీడ లేదు. స్టూడియో పద్ధతిలో చూస్తే రెండు చెవులూ కనిపిస్తున్నాయి. ఆరు ఫొటోలు తీశాను.

తర్వాత ఎండలో పెట్టి లేస్తుందని చూశాను. ఊదాను. వేలి మీద ఎక్కించుకోబోయాను. అది లేవలేదు. ఒక ఆకు కింద పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి, "దొరికింది బాబా, రెక్కలు విప్పి కూర్చుంది," అన్నాను. ఆయన మంచం మీదే లేచి కూర్చుని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నోటుపుస్తకంలో చివరి పేరు పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టాడు. ఆ క్షణాన నిజం చెప్పి ఉంటే ఎంత బాగుండేది. నాకు ధైర్యం చాలలేదు.

ఉత్తరం

కువైత్ వచ్చాక ఫొటో పెద్దది చేసి యానోష్‌కి పంపాం. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. అబూ నాసర్ ఆ ఉత్తరం పట్టుకుని స్టూడియోకి వచ్చి, స్టూలు మీద కూర్చుని చదివి వినిపించాడు.

"ఫొటో అందంగా ఉంది. కానీ ఈ జాతి కూర్చున్నప్పుడు ఎన్నడూ రెక్కలు విప్పదు. దీని రెక్కలు ఎవరు విప్పారు? ఇది ఆడది, కడుపు చూస్తే గుడ్లున్నట్టుంది."

ఖాదర్ బాయ్ నా చెవి దగ్గర, "తెల్దని చెప్పు సూర్యా, నీకు దండం పెడతా," అన్నాడు. ఎందుకంటే మా ఇద్దరి ఇఖామాలూ ఆ నెలలోనే రెన్యువల్‌కి ఉన్నాయి.

నాకు తెలియదని చెప్పడం నిమిషం పని. కానీ ఆ స్టూలు మీద ఆయన్ని చూస్తే అబద్ధం ఆడలేకపోయాను. డబ్బీ, ఐసు, కుంచె, ఆకు, అన్నీ చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. చల్లటి టీకి అరిచే మనిషి, ఆ రోజు అరవలేదు.

"నేనూ పోల్చుకోలేదు," అన్నాడు. "దీన్ని వలతో పట్టినవాణ్ణి. రెక్కలు నేనే సూదులతో విప్పేవాణ్ణి. అది ఎలా కూర్చుంటుందో ఒక్కసారీ చూడలేదు."

కౌంటర్ మీద మా రబ్బరు తీసుకుని నోటుపుస్తకంలో చివరి టిక్కు తుడిచేశాడు. "ఖలాస్," అని వెళ్లిపోయాడు.

ఇఖామాలు ఆగిపోతాయని ఖాదర్ బాయ్ వారం రోజులు సరిగా తినలేదు. కాగితాలు సంతకంతో తిరిగొచ్చాయి. అబూ నాసర్ మాత్రం రాలేదు. చలికాలమంతా నేను చెవులు కనిపించేలా ఫొటోలు తీస్తూ గడిపాను. గుడ్లతో ఉందన్న మాట మనసులోంచి పోలేదు. అవి ఆ బీళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి, అందులో ఒకటి నా డబ్బీలో పోయింది. తప్పు చేసినప్పుడు ఎవరో తిడితే సగం భారం దిగుతుంది. నన్ను తిట్టేవాళ్లు లేకపోయారు.

స్టూలు మీద కస్టమరు

ఎండలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని ఆయనే వచ్చాడు. కర్ర పట్టుకున్నాడు. నా మొహం చూడకుండా, "వీసా ఫొటో కావాలి," అని స్టూలు మీద కూర్చున్నాడు.

దీపాలు వేశాను. "బాబా, గడ్డం కొంచెం పైకి. ఇటు చూడండి. రెండు చెవులూ..."

"ముందు నన్ను ఐసు డబ్బాలో పెట్టవా?" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. ఖాదర్ బాయ్‌కి ముందు అర్థమై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తాడు. అబూ నాసర్ భుజాలు కదులుతున్నాయి. అరవై దాటిన మనిషి నవ్వాపుకోలేక కర్ర జారవిడిచాడు. నేను నవ్వుతూనే ఏడ్చేశాను.

నవ్వు తగ్గాక, "నీ ఫొటో కూడా తీసుకో. ఇద్దరి వీసాలూ కలిపి పెడుతున్నాను," అన్నాడు. ఆ ఫొటోకి నీలం కోటు వేసుకున్నాను.

నా వైపు రా

ఆ వేసవి మళ్లీ ఆ పల్లె చేరాం. యానోష్ గుమ్మంలో అబూ నాసర్‌ని కౌగిలించుకున్నాడు. నాకు చెయ్యివ్వలేదు. మర్నాడు పొద్దున్నే నా చేతిలో ఒక కట్ట కర్రలు పెట్టి బీడుకు తీసుకెళ్లాడు. రైతులు గడ్డి కోసేటప్పుడు పనసతొనలు గుడ్లు పెట్టే పొదలున్న చోట ఒక పట్టీ కోయకుండా వదిలేయాలి. ఎక్కడ ఆగాలో కొడవలి పట్టినవాడికి తెలియడానికి కర్రలు పాతాలి. రెండు రోజులు కర్రలు పాతాను, కోసిన గడ్డి పోగుచేశాను. గడ్డిమేటు వేయడం నాకు కొత్త కాదు. మూడో మేటు వేశాక ఒక ముసలి రైతు నా వీపు తట్టాడు. కెమెరా మాత్రం ఇంట్లోనే ఉంది. యానోష్ వద్దనలేదు, నేనే తేలేదు.

మూడో రోజు బయల్దేరుతుంటే యానోష్ తనే కెమెరా సంచి తెచ్చి నా భుజానికి తగిలించాడు.

కోయకుండా వదిలిన పట్టీలో బోర్లా పడుకున్నాం. నేనొక వైపు, అబూ నాసర్ రెండో వైపు. ఎండ ఎక్కాక ఒకటి వచ్చి మా ఇద్దరి మధ్య ఊదా రంగు పువ్వు మీద వాలింది. రెక్కలు మూసింది. సూర్యుడు నా వీపు వెనక ఉన్నాడు, వెలుతురు ఎదురుగా పడుతోంది. స్టూడియోలో నేర్చుకున్న పద్ధతి అదే. నాకు కనిపించేది మాత్రం వెలిసిన పసుపు ముక్క.

అవతలి నుంచి అబూ నాసర్ వేలితో సైగ చేశాడు. "సూరీ," అన్నాడు, దాదాపు పెదవులతోనే. "నా వైపు రా."

పాక్కుంటూ వెళ్లాను. నాకు చోటివ్వడానికి ఆయన ఆ మోకాలి నొప్పితోనే వెనక్కి జరిగాడు. ఆయన పడుకున్న చోట తల పెట్టి చూశాను. సూర్యుడు ఇప్పుడు దాని వెనక ఉన్నాడు. మూసిన రెక్క మొత్తం కాగితపు లాంతరులా వెలిగింది. లోపలున్న నల్ల పట్టీ, నేను కుంచెతో విప్పి చూపించిన ఆ పట్టీ, రెక్క గుండా చక్కగా కనిపిస్తోంది. ఎవరూ ఏమీ విప్పనక్కర్లేదు. వెలుతురు ఎదురుగా పడాలన్న మాట ఒక్కటి వదిలి, నేను కదిలితే చాలు.

"మీరు తీయండి బాబా," అన్నాను. నలభై ఏళ్లకు పైగా ఆయన మనసులో ఉన్నది అది.

"నా చెయ్యి వణుకుతుంది. నేను చూస్తాను. నువ్వు తియ్యి."

రెండు ఫొటోలు తీశాను. మూడోది తీయబోతే అది లేచి, నారింజ రంగు మెరిపించి, కర్రలు దాటి వెళ్లిపోయింది. అబూ నాసర్ గడ్డి మీద వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ ఉండిపోయాడు. కళ్ల పక్కనుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోలేదు.

కార్డు

పిల్లలూ, ఇందులో మీరు పట్టుకోవలసింది పెద్ద కష్టమైనదేం కాదు. ఫొటోకి తగ్గట్టు ప్రాణిని మార్చబోకండి, మీరు జరగండి. తప్పు చేస్తే దాచకండి. మీ మీద అరిచే యజమానికి భయపడండి, ఫర్వాలేదు. అరవకుండా కూర్చున్న యజమానికి అబద్ధం చెప్పకండి. మీ పని బాగుందని మెచ్చుకునేవాళ్లు ఏ పనిని మెచ్చుకుంటున్నారో కూడా చూసుకోండి. ఖాదర్ బాయ్ నన్నెంత మెచ్చుకున్నాడో, నేనంత చెడ్డాను. అది ఆయన తప్పు కాదు.

రీలు మా స్టూడియోలోనే కడిగాను. ఫొటో యానోష్‌కి పంపాం. ఈసారి ఉత్తరం రాలేదు, చిన్న కార్డు వచ్చింది. అబూ నాసర్ దాన్ని తీసుకుని మిర్కాబ్ వచ్చాడు. ఖాదర్ బాయ్ టీ తెచ్చాడు. కార్డు మీద ఒకే ఒక్క ముక్క ఉంది. అబూ నాసర్ చదివాడు.

"ఇది బతికే ఉంది."

నోటుపుస్తకం తీసి, అంతకుముందు ఏడు రబ్బరుతో తుడిచిన మరక మీదే, ఈసారి పెన్నుతో టిక్కు పెట్టాడు. టీ చల్లారిపోయింది. ఆయన పట్టించుకోలేదు. కాసేపయ్యాక లేచి, మేకు మీది నీలం కోటు తీసి తన పొడుగాటి తెల్ల దిష్‌దాషా మీదే తొడుక్కున్నాడు. స్టూలును తెర ముందు నుంచి కిటికీ దగ్గరకు లాక్కుని, నాకు పక్కకు తిరిగి కూర్చున్నాడు. మధ్యాహ్నపు ఎండ ఆయన వెనక నుంచి వస్తోంది.

"ఇప్పుడు నన్ను తియ్యి సూరీ," అన్నాడు. "గడ్డం ఎత్తమనకు."

ఎత్తమనలేదు. ఆ ఫొటోలో ఒక చెవే కనిపిస్తుంది, దాని అంచు ఎండకు ఎర్రగా వెలుగుతుంది. ఏ ఆఫీసూ దాన్ని తీసుకోదు. మా ముందుగదిలో గోడ మీదున్నది అదే. లెన్సు గురించి అడగడానికి వచ్చినవాళ్లను ముందు దాని ఎదురుగా కూర్చోబెడతాను.